ఈ రోడ్డు దేన్ని ఎక్కించడానికి వేశారు?

(తిరుపతిలో ఆదివారం జరిగిన సైక్లిస్టుల కలయికలో, రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకు వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు, "సార్, శేషాచలం కొండల్లో కష్టమైన సైకిల్ రూట్ల గురించి చెప్పండి" అన్నారు. నాకు అరవై నాలుగేళ్ళు. మన ఊళ్ళో ఫ్లైఓవర్, శ్రీనివాస సేతు ఎక్కడం కూడా నాకు కష్టమైన రూటే. అందుకని ఎవరు ఎంత టైములో ఎక్కారు, ఎవరిది రికార్డు, ఆ లెక్కలు నన్ను అడగొద్దు. అవి మీ ఫోన్లలోనే ఉంటాయి. నేను ముప్పై నాలుగేళ్ళు రోడ్లు వేశాను. వేశానంటే గంప మోశానని కాదు, ఎం-బుక్, అంటే పని కొలతల పుస్తకం, రాశాను. గంప మోసినవాళ్ళు వేరే. కాబట్టి సైకిల్ గురించి కన్నా రోడ్డు గురించే ఎక్కువ చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

ఏ ఘాట్ ఎక్కబోయే ముందైనా నేను వేసుకునే ప్రశ్న ఒకటే. ఈ రోడ్డు దేన్ని ఎక్కించడానికి వేశారు? ఎద్దుబండినా? గుర్రబ్బండినా? పాతకాలం బస్సునా, ఇప్పటి బస్సునా? దానికి జవాబు తెలిస్తే ఎక్కడ ఊపిరి ఆడదో, ఎక్కడ కాస్త తెరిపి దొరుకుతుందో సగం తెలిసిపోతుంది. ఎందుకంటే సైకిల్ కోసం ఘాట్ రోడ్డు ఎవరూ వేయరు. మనం ఎప్పుడూ ఇంకొకరి రోడ్డు మీదే పోతుంటాం.

మన తిరుమల రోడ్లే తీసుకోండి. మొదటి ఘాట్ రోడ్డు 1944 ఏప్రిల్‌లో తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ వచ్చి ప్రారంభించాడు. అంతకు ముందు కొండకు పోవాలంటే నడక, నడవలేనివాళ్ళకు డోలీ. 1944 అంటే ఏమిటి? యుద్ధకాలం. పెట్రోలు దొరక్క మద్రాసు రాష్ట్రంలో బొగ్గు గ్యాసుతో బస్సులు నడిపిన కాలం. ఆనాటి బస్సుకు ఎంత శక్తి ఉండేదో ఊహించుకోండి. నిండా జనంతో అది కొండ ఎక్కాలి. అలాంటి బస్సును ఎక్కించాలంటే ఇంజనీరు ఏం చేస్తాడు? దూరం పెంచుతాడు, వాలు తగ్గిస్తాడు. అందుకే 19 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, అంటే రోడ్డు పూర్తిగా వెనక్కి తిరిగే మలుపులు. కొండను బతిమాలుకుంటూ, అటొకసారి ఇటొకసారి తిరుగుతూ పోయే రోడ్డది.

రెండో ఘాట్ 1970లలో వచ్చింది. అప్పటికి బస్సులు మారాయి, డీజిల్ ఇంజన్లు వచ్చాయి, యాత్రికులు పెరిగారు. దీని పొడవు 16 కిలోమీటర్లే. హెయిర్‌పిన్‌లు ఆరో ఏడో, అవి కూడా చివర్లోనే. అంటే ఇంజన్ మీద నమ్మకంతో వేసిన రోడ్డు.

ఇప్పుడు మనకు జరిగిన అన్యాయం చూడండి. రెండూ వన్‌వే. ఎక్కడానికి ఏది? రెండోది. దిగడానికి ఏది? మొదటిది. ఎక్కడం కోసం అంత ఓపిగ్గా, అంత సుకుమారంగా వేసిన రోడ్డును మనం దిగడానికి వాడుతున్నాం. బలమైన ఇంజన్ల కోసం వేసిన రోడ్డును తొక్కుకుంటూ ఎక్కుతున్నాం. సైకిల్ వాడికి తిరుమల కష్టమంతా ఈ తారుమారులోనే ఉంది. కొండ ఎత్తులో లేదు. కొండ ఎత్తెంత? తిరుమల సముద్రమట్టానికి 850 మీటర్ల చిల్లర. అలిపిరి నుంచి మనం ఎక్కేది ఓ ఆరున్నర వందల మీటర్లు. ప్రపంచంలో కొండ రోడ్ల లెక్కలో ఇది చిన్నదే.

ఆరున్నర వందల మీటర్లను పదహారు కిలోమీటర్లతో భాగిస్తే సగటు వాలు నాలుగు శాతం. నాలుగే కదా అని ఒక కుర్రాడు, ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పనులే, పెడళ్ళ దగ్గరుండే పెద్ద పళ్ళచక్రం మీదే, అంటే బరువైన గేరులోనే, ఎక్కేస్తానని బయలుదేరాడు. సగటు లోతు మోకాటి బంటి అని విని ఏట్లో దిగినవాడి కథ తెలుసు కదా? అలాగే అయింది. చివరి హెయిర్‌పిన్‌ల దగ్గర సైకిల్ పిట్టగోడకు ఆనించి, ఆ పక్కనే తను కూడా ఆనుకున్నాడు. నేను మెల్లగా వచ్చి పక్కన ఆగాను. "ఏం సామీ, అయిపోయిందా?" అన్నాను. "లేదు సార్, వ్యూ చూస్తున్నా" అన్నాడు. చూడు నాయనా, వ్యూ బాగానే ఉంటుంది.

రెండో ఘాట్‌లో మొదటి సగం మనల్ని మోసం చేస్తుంది. కాళ్ళు తాజాగా ఉంటాయి, గాలి చల్లగా ఉంటుంది, పక్కన బస్సుల్లోంచి జనం గోవిందా అంటారు. గోవిందా అంటే ఉత్సాహం వస్తుంది, రాక మానదు. అక్కడ ఖర్చు పెట్టేస్తే చివర్లో అప్పు కూడా పుట్టదు. మొదటి అరగంట పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా తొక్కండి. మాట్లాడలేకపోతే గేరు దించండి. గేరు దించడం నామోషీ కాదు.

ఇక హెయిర్‌పిన్ గురించి. హెయిర్‌పిన్ అనగానే అందరికీ భయం. నిజానికి అది మీ నేస్తం. ఎట్లా? మా ఐఆర్‌సీ పుస్తకాల్లో, అంటే రోడ్ల ప్రమాణాల పుస్తకాల్లో, కొండ రోడ్డుకు వాలు ఇంతకు మించొద్దని ఉంటుంది. మామూలు చోట ఐదారు శాతం, తప్పదంటే ఏడెనిమిది. కానీ హెయిర్‌పిన్ మలుపులో మాత్రం వాలు రెండున్నర శాతానికి మించకూడదు, నలభైకి ఒకటి. ఎందుకని? మలుపు తిరిగేటప్పుడే బండి బలం పోతుంది, అక్కడే ఎక్కుడు కూడా ఉంటే లారీ నిలబడిపోతుంది. అందుకని మలుపును కాస్త చదును చేస్తారు. ఇంజనీరు లారీ కోసం చేసిన ఉపకారం అది, మనం వాడుకుందాం. అయితే ఒక మెలిక ఉంది. ఆ చదును ఎక్కడుంటుంది? మలుపు బయటి అంచున. లోపలి అంచున దూరం తక్కువ, అంత ఎత్తూ ఆ కాస్త దూరంలోనే ఎక్కాలి కాబట్టి నిటారుగా ఉంటుంది. కొత్తవాళ్ళందరూ ఏం చేస్తారు? దగ్గరి దారి కదా అని లోపలికి కోస్తారు. నాలుగు మీటర్లు మిగులుతుంది, తొడలు పోతాయి. వెనక బండి లేదని చూసుకుని బయటి అంచున తిరగండి. రెండు గుక్కలు నీళ్ళు తాగడానికి కూడా అదే చోటు. అన్నట్టు, కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం. అలిపిరిలో బ్యాగులు చూస్తారు. స్టీలు సీసా పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు.

నెమ్మదిగా ఎక్కేవాడికి ఒక లాభం కూడా ఉంది. ఘాట్‌లో కొండను కోసిన చోట రాయిని గమనించారా ఎప్పుడైనా? కింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. ఆ రెండింటి మధ్య గీత గీసినట్టుగా ఒక చోటు ఉంది. ఆ గీతకు కింది రాయికీ పై రాయికీ మధ్య కోట్ల సంవత్సరాల ఖాళీ ఉంది. జియాలజీ వాళ్ళు దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. కార్లో పోయేవాడికి కనపడదు. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి కనపడుతుంది. నాకు చాలాసార్లు కనపడింది, ఆరు కిలోమీటర్ల వేగంలో.

ఇప్పుడు దిగడం. కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది దీంట్లోనే.

మొదటిసారి నేను మొదటి ఘాట్ దిగినప్పుడు నాది పాత సైకిల్, రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచును, రిమ్‌ను, రబ్బర్లతో పట్టి ఆపేవి. ఎక్కడం అయిపోయింది, దర్శనం అయిపోయింది, లడ్డు కూడా అయిపోయింది. ఇంక ఏముంది, జారుకుంటూ పోవడమే కదా అనుకున్నాను. భయంతో రెండు బ్రేకులూ పట్టుకునే ఉన్నాను, వదల్లేదు. ఏడో మైలు ఆంజనేయస్వామి దాటాక, ఏదో కాలిన రబ్బరు వాసన. ముందు పోతున్న బస్సుది అనుకున్నాను. బస్సు పోయింది, వాసన పోలేదు. ఆపి, తెలివి తక్కువగా, వేలితో రిమ్ ముట్టుకున్నాను. చురుక్కుమంది. ఇదిగో ఈ చూపుడు వేలు, ఇప్పటికీ ఇక్కడ చర్మం వేరేగా ఉంటుంది. అయ్యో అని వేలు నోట్లో పెట్టుకుని నిలబడ్డానో లేదో, ముందు ట్యూబ్ ఢామ్మని పేలింది. నిలబడి ఉండగా పేలింది కాబట్టి మీకు ఈ కథ చెబుతున్నాను. మలుపులో ఉండగా పేలి ఉంటే?

ఎందుకు పేలింది? బ్రేకు అంటే వేడి. మీరు ఎక్కిన ఆరున్నర వందల మీటర్ల శ్రమ అంతా దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి కదా? కొంత గాలికి పోతుంది. మిగతాదంతా బ్రేకులోనే వేడిగా మారుతుంది. అదే పనిగా నొక్కి పట్టుకుంటే రిమ్‌కు చల్లారే టైమే ఉండదు. ఆ వేడికి లోపల గాలి ఉబ్బుతుంది. డిస్క్ బ్రేకులవాళ్ళు నవ్వుతున్నారు. నవ్వండి. డిస్కు కూడా ఎర్రగా కాలుతుంది, ట్యూబ్ పేలదంతే. కాబట్టి మలుపు రాకముందే, తిన్నగా ఉన్నప్పుడే, గట్టిగా నొక్కి వేగం తగ్గించండి, వదిలేయండి. మళ్ళీ నొక్కండి, వదిలేయండి. మలుపులోకి పోయాక బ్రేకు మీద చెయ్యి పెట్టొద్దు. మలుపులో బయటి కాలు కిందికి, బరువంతా దాని మీద, చూపు మలుపు చివరికి. లోయలోకి చూడొద్దు, ఎటు చూస్తే సైకిల్ అటే పోతుంది.

వాహనాలు ఘాట్ దిగడానికి కనీసం నలభై నిమిషాలు పట్టాలని ఒక నిబంధన పెట్టారు, అంతకన్నా ముందు కిందికి చేరితే జరిమానా. మీరు లెక్కేస్తే గంటకు ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. సైకిల్ మీద దాన్ని దాటడం చాలా తేలిక. ఎక్కేటప్పుడు మాత్రం మన వల్ల ఏ నిబంధనా మీరిపోదు, నాదీ హామీ.

ఇంకో కొండ కథ చెప్పి మళ్ళీ మన ఊరికి వస్తాను. మా అమ్మాయి జర్మనీలో ఉంది. మనవరాలు పుట్టిందని మేమిద్దరం వెళ్ళాం. అమ్మమ్మకు పని ఉంది, తాతకు లేదు. మూడు రోజులు సెలవు అడిగి, ఇటలీలో స్టెల్వియో అని ఒక కనుమ ఉంది, అక్కడికి పోయి సైకిల్ అద్దెకు తీసుకున్నాను. మన శేషాచలంలాగే అది కూడా నేషనల్ పార్కే, 1935లో పెట్టారు. ఆల్ప్స్ పర్వతాలు. ప్రాటో అనే ఊరి నుంచి పైకి 24 కిలోమీటర్లు, 48 హెయిర్‌పిన్‌లు, పైన ఎత్తు 2,757 మీటర్లు. ఎక్కాల్సింది 1,800 మీటర్ల పైనే. అంటే అలిపిరి నుంచి తిరుమలకు, దిగకుండా, దాదాపు మూడుసార్లు.

ఆ రోడ్డు దేన్ని ఎక్కించడానికి వేశారు? 1820 నుంచి 1825 వరకు, ఆస్ట్రియా సామ్రాజ్యం వాళ్ళు, ఇటలీలో తమ చేతిలో ఉన్న లొంబార్డీని తమ దేశంతో కలపడానికి వేశారు. ఇంజనీరు పేరు కార్లో డొనెగాని. అప్పుడు ఏముంది? గుర్రాలు, బండ్లు, ఫిరంగులు. గుర్రం ఎక్కగలిగిన వాలు వేశాడాయన. సగటు ఏడున్నర శాతం దగ్గర, మనకన్నా చాలా ఎక్కువ, కానీ ఆ ఏడున్నర మొదటి నుంచి చివరి దాకా కాస్త అటూ ఇటూగా అంతే. మధ్యలో హఠాత్తుగా గోడలా లేవదు. అక్కడ మలుపులకు నంబర్లుంటాయి, అదీ తలకిందులుగా. కింద మొదటి మలుపుకు 48, పైకి పోయే కొద్దీ తగ్గుతూ చివరిది 1. నేను మొదటి పలకలు చూసి, నలభై ఆరు, నలభై ఐదు అని లెక్కపెడుతూ, ఇంకా ఇన్నా అని కుంగిపోయాను. చెట్లు అయిపోయాక ఒకచోట తల ఎత్తితే మిగిలిన రోడ్డంతా ఎదురుగా కొండకు వేలాడదీసిన తాడులా కనపడుతుంది. అక్కడ ఐదు నిమిషాలు కూర్చుండిపోయాను. పైకి చేరేసరికి నాలుగు గంటలకు పది నిమిషాలు తక్కువ పట్టింది. అందరూ సాసేజీలు కొనుక్కుంటున్నారు, నేను జేబులో నలిగిన అరటిపండు తిన్నాను.

కానీ నిజం చెప్పనా? మన రెండో ఘాట్ చివరి మలుపుల్లో నాకు పోయినంత ప్రాణం అక్కడ పోలేదు. సమయం పట్టింది, చలి వేసింది, అంతే. గుర్రం మీద జాలితో వేసిన రోడ్డు మనిషి మీద కూడా జాలి చూపిస్తుంది.

అదే పార్కులో గావియా అని ఇంకో కనుమ ఉంది, 2,600 మీటర్ల పైన. నేను పోలేదు. అక్కడ కొన్ని చోట్ల వాలు పదహారు శాతం దాకా ఉంటుంది. 1988 జూన్‌లో జిరో డిటాలియా అని ఇటలీ చుట్టూ జరిగే పెద్ద సైకిల్ పందెం దాని మీదుగా వెళ్ళింది. జూన్ నెలలో మంచు కురిసింది. అమెరికా వాడు ఆండీ హాంప్‌స్టెన్ ఆ రోజు గులాబీ జెర్సీ, అంటే మొత్తం మీద ముందున్నవాడు వేసుకునే చొక్కా, అందుకున్నాడు, చివరికి పందెమూ గెలిచాడు. ఆ రోజు గురించి చెప్పేవాళ్ళందరూ ఎక్కడం గురించి చెప్పరు. పైనుంచి బోర్మియోకు దిగడం గురించే చెబుతారు. చలికి చేతులు బిగుసుకుపోయి బ్రేకు నొక్కలేకపోవడం. దిగడమే అసలు పరీక్ష అని నేనెందుకు అంటున్నానో చూశారా?

సరే, మన ఊరికి వద్దాం. తిరుమల కాకుండా శేషాచలంలో మనకు ఇంకేమున్నాయి? మామండూరు మీదుగా కోడూరు రోడ్డు. అది ఘాట్ అని నేననను, పెద్ద ఎక్కుళ్ళేమీ లేవు, కానీ లారీలు ఎక్కువ. తెల్లవారుజామున అయితే బాగుంటుంది, అంతకన్నా దాని గురించి చెప్పడానికి లేదు.

నాకు ఇష్టమైనది భాకరాపేట ఘాట్. చంద్రగిరి దాటి, రంగంపేట దాటి, అక్కడి నుంచి అడవిలోకి. తిరుమల రోడ్డులా ఇది వన్‌వే కాదు. ఎదురుగా మదనపల్లె నుంచి వచ్చే లారీలూ బస్సులూ దిగుతుంటాయి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న ఒక బస్సు రాత్రిపూట ఇక్కడే లోయలో పడింది, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ మలుపు దగ్గరికి వస్తే నేను ఇప్పటికీ మాట్లాడను. ఇక్కడ ఎడమ అంచు వదలొద్దు. మలుపులో లారీ వెనక చక్రాలు ముందు చక్రాల కన్నా లోపలికి కోసుకుంటూ వస్తాయి, లారీకీ గోడకూ మధ్య సందు ఉంది కదా అని దూరొద్దు. మలుపు మొదట్లో ఉన్న సందు మలుపు మధ్యలో ఉండదు.

భాకరాపేట నుంచి తలకోనకు పోతే రోడ్డు చిన్నదవుతుంది, ట్రాఫిక్ పోతుంది. 270 అడుగుల జలపాతం, పైన చెట్లలో బెట్లుడుతలు, అంటే పెద్ద అడవి ఉడుతలు. ఆ ఉడుతల్ని చూడ్డానికి నేను ఐదుసార్లు పోయి ఉంటాను, జలపాతానికి రెండుసార్లే పోయాను. తలకోన కూడా శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులోదే. 1989లో నేషనల్ పార్కు చేశారు, మొత్తం 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు అయింది. అంటే ఏమిటి? తారు రోడ్డు వదిలి అడవి బాటలోకి సైకిల్ దించకూడదు. ఎవరూ చూడట్లేదులే అనుకోకండి. ఎర్రచందనం ఉన్న అడవి ఇది, చూస్తూనే ఉంటారు. ఒకసారి నేను తెల్లారకముందే రోడ్డు పక్కన సైకిల్ ఆపి చైను వేసుకుంటున్నాను. చేతికి గ్రీజు, వీపున బ్యాగు. ఇద్దరు టార్చి వేశారు. "ఎవురయ్యా నువ్వు, యాడికి పోతా ఉండావు? బ్యాగులో ఏముంది?" పులిహోర అన్నాను. నమ్మలేదు. తెరిచి చూపించాను. రిటైర్డు ఇంజనీరునని చెప్పాను. అది అసలు నమ్మలేదు. చివరికి పులిహోర ముగ్గురం తిన్నాం.

టైము గురించి ఒక మాట. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ళ పాపను తీసుకుపోయి చంపేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఘాట్‌లో టూ వీలర్లను పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకే వదిలారు. ఈ వేళలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, పోయే ముందు రోజు కనుక్కోండి. చీకట్లో సైకిల్‌కు చప్పుడు ఉండదు, అదే ప్రమాదం. జంతువుకు మనం వస్తున్నట్టు తెలియదు. మలుపుల్లో బెల్లు కొట్టండి. పిల్లల సైకిల్ బెల్లు లాంటిదని సిగ్గుపడొద్దు. చంద్రగిరి వైపు తోటల్లోకి ఏనుగులు వచ్చాయని వింటే ఆ రోజు రైడు మానుకోండి, ఏనుగుకు బెల్లు పనిచేయదు.

అయిపోవచ్చింది. వచ్చే ఆదివారం రెండో ఘాట్ ఎక్కి మొదటి ఘాట్ దిగుతున్నాం. అలిపిరి గరుడ విగ్రహం దగ్గర ఆరింటికి. రిమ్ బ్రేకులున్నవాళ్ళు ఇప్పుడే కిందికి రండి, సైకిళ్ళు తెచ్చారు కదా, బ్రేకు రబ్బర్లు ఒక్కొక్కటీ చూస్తాను. అరిగినవి ఉంటే ఇక్కడే మార్చేద్దాం, నా దగ్గర నాలుగు జతలున్నాయి. ఇందాకటి నుంచి ఆ మూల పాప చెయ్యెత్తి ఉంది. అడుగమ్మా.